'ఓన్లీ' అంటే 'మాత్రమే'నా?



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్ళు అడిగినప్పుడు కవిత రాయాలా, జ్ఞాపకాలు రాయాలా అని కొంతసేపు ఆలోచించాం. కవితలు బాగా రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మేము చదువుతున్నది ఎం.ఎ. ఇంగ్లీషు. కాబట్టి పదో తరగతి పిల్లలకూ, ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్ళకూ రేపు పనికొచ్చే ఒక పాఠం రాద్దామనుకున్నాం. పాఠం పెద్దదేమీ కాదు. ఒకే ఒక్క మాట గురించి. ఆ మాట 'ఓన్లీ'.

రాసేది ఒక్కరమే అయినా 'మేము' అని రాస్తున్నాం. ఆరో తరగతి నుంచి హాస్టల్లో పెరిగినవాళ్ళకు 'నేను' అనే అలవాటు తక్కువ. మేము తిన్నాం, మేము చదివాం, మేము దెబ్బలు తిన్నాం అనే అంటాం. ఇంగ్లీషులో మేము చేసిన తప్పులు కూడా ఒక్కరివి కావు. పక్క ట్రంకు పెట్టెవాడు చేసిందీ, ఆ పక్కవాడు చేసిందీ అదే తప్పు. అందుకే 'మేము' అంటేనే సరిపోతుంది.

మేము పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఇంగ్లీషులో మాట్లాడాల్సి వస్తే మాకు ధైర్యం ఇచ్చిన మొదటి మాటల్లో 'ఓన్లీ' ఒకటి. ఎక్కడ పెట్టినా పెట్టించుకునేది. "టుడే ఓన్లీ ఐ కేమ్", "హియర్ ఓన్లీ", "హి ఓన్లీ టోల్డ్ సార్" అంటూ వాడేశాం. మన మధ్య అందరికీ అర్థమైంది. మన మధ్య నుంచి బయటికి వెళ్ళిన రోజున ఆ మాటే మాకు ఇబ్బంది తెచ్చింది. ఆ సంగతి కొంచెం తర్వాత చెప్తాం. ముందు పాఠం.

మాట పుట్టుక

'ఓన్లీ' అనే మాటలో 'వన్' ఉంది. పాత ఇంగ్లీషులో ఒకటి అనే మాటకు, 'లాంటి' అనే అర్థమిచ్చే 'లీ' చేరి ఈ మాట పుట్టింది. అంటే 'ఒక్కటిగా ఉన్న' అని మొదటి అర్థం. 'అలోన్' అనే మాట కూడా 'ఆల్', 'వన్' కలిసి పుట్టిందే. ఆ 'అలోన్' నుంచి 'లోన్లీ' వచ్చింది. మన తెలుగులోనూ చూడండి. ఒకటి నుంచి ఒక్కడు, ఒంటరి, ఒక్కగానొక్క అనే మాటలు వచ్చాయి. "ఒక్కగానొక్క కొడుకు" అనడానికి ఇంగ్లీషులో "యాన్ ఓన్లీ సన్" అంటారు.

ఇలా నామవాచకానికి ముందు వచ్చినప్పుడు 'ఓన్లీ' విశేషణం. "దిస్ ఈజ్ ది ఓన్లీ బస్ టు అవర్ విలేజ్" అంటే మా ఊరికి ఉన్నది ఈ ఒక్క బస్సే. మిగతా చోట్ల ఎక్కువగా అది క్రియా విశేషణం, అంటే యాడ్వర్బ్. మనకు చిక్కులు తెచ్చేది ఈ యాడ్వర్బే.

మన 'ఏ' వేరు, వాళ్ళ 'ఓన్లీ' వేరు

తెలుగులో మనం మాట చివర ఒక 'ఏ' చేరుస్తాం. రాముడే, ఇక్కడే, నిన్ననే, పదిమందే. వ్యాకరణంలో దీన్ని అవధారణార్థకం అంటారు. అవధారణ అంటే నొక్కి చెప్పడం. ఈ చిన్న 'ఏ' రెండు పనులు చేస్తుంది.

మొదటి పని హద్దు గీయడం. "పదిమందే వచ్చారు" అంటే పదకొండో మనిషి రాలేదు అని.

రెండో పని ఊరికే నొక్కి చెప్పడం. ఎవరైనా మనల్ని వెతుకుతుంటే "ఇక్కడే ఉన్నాను" అంటాం. ఇంకెక్కడా లేను అని చెప్పడం అక్కడ మన ఉద్దేశం కాదు. ఉన్నాను, కంగారు పడకు అని చెప్పడం.

ఇంగ్లీషువాళ్ళ 'ఓన్లీ' ఎక్కువగా మొదటి పని చేస్తుంది. మనం నొక్కి చెప్పే రెండో పని దానికి చేతకాదు. మనమేమో తెలుగులో 'ఏ' పలికిన ప్రతిచోటా ఇంగ్లీషులో 'ఓన్లీ' పెట్టేస్తాం. తప్పంతా ఇక్కడే మొదలవుతుంది. ఇది తెలుగువాళ్ళ తప్పే అనుకోవద్దు. హిందీలో 'హీ' ఉంది, తమిళంలో మనలాగే 'ఏ' ఉంది. అందుకే దేశమంతటా ఈ 'ఓన్లీ' వినిపిస్తుంది. దీన్ని భారతీయ ఇంగ్లీషు లక్షణాల్లో ఒకటిగా భాషా శాస్త్రవేత్తలు గుర్తించారు. కాబట్టి సిగ్గుపడాల్సిన పని లేదు. ఇంట్లో కట్టుకునే లుంగీకి సిగ్గెందుకు? కానీ పరీక్షకు వెళ్ళేటప్పుడు ప్యాంటు వేసుకుంటాం గదా. అంతవరకే మేము చెప్పేది.

మరి ఎక్కడ 'ఓన్లీ' పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో ఎలా తెలుస్తుంది? మేము ఒక పరీక్ష పెట్టుకున్నాం. దానికి 'తప్ప' పరీక్ష అని పేరు పెట్టాం. తెలుగు వాక్యంలో 'ఏ' తీసేసి 'తప్ప', 'లేదు' పెట్టి చూడండి.

"పదిమందే వచ్చారు." పదిమంది తప్ప ఎవరూ రాలేదు. అర్థం సరిపోయింది. కాబట్టి "ఓన్లీ టెన్ పీపుల్ కేమ్" అనవచ్చు.

"నేను ఇక్కడే ఉన్నాను." నేను ఇక్కడ తప్ప ఎక్కడా లేను. నవ్వొస్తుంది గదా! కాబట్టి అక్కడ 'ఓన్లీ' వద్దు.

'ఓన్లీ' వద్దంటే మరేం పెట్టాలి? దానికి ఒకే జవాబు లేదు. మన ఒక్క 'ఏ'కు ఇంగ్లీషులో చాలా మాటలు ఉన్నాయి. ఎక్కువగా వాడేవి ఇవి:

1. మనిషి గురించి. "నేనే రాశాను" అనడానికి "ఐ ఓన్లీ రోట్ ఇట్" అంటే వినేవాళ్ళకు "నేను రాశానంతే, ఇంకేమీ చేయలేదు" అని వినిపిస్తుంది. "ఐ రోట్ ఇట్ మైసెల్ఫ్" అనాలి. ఎవరు రాశారు అని అడిగితే "ఐ యామ్ ద వన్ హూ రోట్ ఇట్" అనాలి.

2. చోటు గురించి. "ఇక్కడే ఉన్నాను" అంటే "ఐ యామ్ రైట్ హియర్". "మా సొంత ఊళ్ళోనే" అంటే "ఇన్ అవర్ ఓన్ విలేజ్".

3. కాలం గురించి. "ఇప్పుడే తిన్నాను" అంటే "ఐ హావ్ జస్ట్ ఈటెన్". "ఇప్పుడే వస్తాను" అంటే "ఐ విల్ కమ్ రైట్ అవే". ఈ రెండు చోట్లా 'నౌ ఓన్లీ' వద్దు. చూడండి, తెలుగులో ఒకే 'ఇప్పుడే', ఇంగ్లీషులో రెండు వేరు వేరు మాటలు.

4. 'నిన్ననే' సంగతి కొంచెం జాగ్రత్త. "అతను నిన్ననే వచ్చాడు, అంతకు ముందు లేడు" అని చెప్పాలంటే "హి కేమ్ ఓన్లీ ఎస్టర్‌డే" అనవచ్చు. ఇది మంచి ఇంగ్లీషే. "నిన్ననే వచ్చాడు, ఇవాళ కాదు" అని వాదించాలంటే "ఇట్ వాజ్ ఎస్టర్‌డే దట్ హి కేమ్" అనాలి. "ఎస్టర్‌డే ఓన్లీ హి కేమ్" అనే వరుస మాత్రం మన తెలుగు వరుస. ఇంగ్లీషులో 'ఓన్లీ' సాధారణంగా మాటకు ముందు నిలబడుతుంది, మన 'ఏ' లాగా వెనక వేలాడదు.

5. 'అదే' గురించి. "అదే పుస్తకం" అంటే "ద సేమ్ బుక్". "నేను చెప్పిందీ అదే" అంటే "దట్ ఈజ్ ఎగ్జాక్ట్లీ వాట్ ఐ సెడ్". "దట్ ఓన్లీ ఐ టోల్డ్" అని మేము ఎన్నిసార్లు అన్నామో లెక్క లేదు.

6. ఊరి పేరు గురించి. బస్సులో ఎవరైనా తమది గుంటూరు జిల్లా అంటే మనం వెంటనే "మాదీ గుంటూరు జిల్లాయే" అంటాం. అక్కడ 'ఏ' ఉన్నా మన అర్థం 'కూడా' అని. కాబట్టి "ఐ యామ్ ఫ్రమ్ గుంటూరు డిస్ట్రిక్ట్ టూ".

7. 'నిజమే' గురించి. "ఇట్ ఈజ్ ట్రూ ఓన్లీ" అక్కరలేదు. "ఇట్ ఈజ్ ట్రూ" చాలు. నొక్కి చెప్పాలంటే 'ఈజ్' అనే మాటను గట్టిగా పలకాలి. ఇంగ్లీషులో చాలా చోట్ల మన 'ఏ' చేసే పనిని గొంతు చేస్తుంది. ఇది పుస్తకంలో కనపడదు, వింటే తెలుస్తుంది. రేడియోలో ఇంగ్లీషు వార్తలు వినమని మా లెక్చరర్లు చెప్పింది ఇందుకే.

చోటు మారితే అర్థం మారుతుంది

'ఓన్లీ'కి ఇంకొక గుణం ఉంది. వాక్యంలో అది నిలబడిన చోటును బట్టి అర్థం మారిపోతుంది. మనకు బాగా తెలిసిన వాక్యం ఒకటి తీసుకుందాం.

"ద వార్డెన్ గేవ్ ద బాయ్స్ ఎగ్స్ ఆన్ సండే." వార్డెన్ గారు ఆదివారం అబ్బాయిలకు గుడ్లు ఇచ్చారు. ఇప్పుడు ఇందులో 'ఓన్లీ'ని ఒక్కొక్క చోట పెట్టి చూద్దాం.

"ఓన్లీ ద వార్డెన్ గేవ్ ద బాయ్స్ ఎగ్స్ ఆన్ సండే." వార్డెన్ గారు తప్ప ఇంకెవరూ ఇవ్వలేదు.

"ద వార్డెన్ గేవ్ ఓన్లీ ద బాయ్స్ ఎగ్స్ ఆన్ సండే." అబ్బాయిలకు తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదు. వంటమనిషికీ, వాచ్‌మన్‌కూ లేదన్నమాట.

"ద వార్డెన్ గేవ్ ద బాయ్స్ ఓన్లీ ఎగ్స్ ఆన్ సండే." గుడ్లు తప్ప ఇంకేమీ పెట్టలేదు. అన్నం లేదు, సాంబారు లేదు!

"ద వార్డెన్ గేవ్ ద బాయ్స్ ఎగ్స్ ఓన్లీ ఆన్ సండే." ఆదివారం తప్ప మరే రోజూ గుడ్డు లేదు.

మాటలు అవే, గుడ్లు అవే. నాలుగు వాక్యాలు, నాలుగు సంగతులు. రేపు మీలో ఎవరైనా పై అధికారికి అర్జీ రాస్తే ఈ తేడా ఎంత ముఖ్యమో ఆలోచించండి. వారానికి ఒక్కసారే గుడ్డు అందుతోంది అని రాయబోయి, గుడ్డు తప్ప ఏమీ పెట్టడం లేదు అని రాస్తే, మన నిజమైన కష్టం కూడా అబద్ధంలా కనిపిస్తుంది. విచారణకు వచ్చినవాళ్ళు అన్నం గిన్నె చూపించి వెళ్ళిపోతారు.

ఇక ఐదో చోటు ఉంది. "ద వార్డెన్ ఓన్లీ గేవ్ ద బాయ్స్ ఎగ్స్ ఆన్ సండే." క్రియకు ముందు పెట్టాం. దీన్ని పై అర్థాల్లో చాలా రకాలుగా చదవవచ్చు. ఇంగ్లీషు మాతృభాషగా గలవాళ్ళు మాట్లాడేటప్పుడు ఎక్కువగా ఇలాగే అంటారు, ఏ మాట ముఖ్యమో దాన్ని గొంతుతో నొక్కుతారు. ఇది సరైనదా కాదా అని వాళ్ళలో వాళ్ళకే చాలా కాలం వాదన నడిచింది. పద్దెనిమిదో శతాబ్దంలో రాబర్ట్ లౌత్ అనే వ్యాకరణవేత్త, ఏ మాటకు సంబంధించిందో ఆ మాట పక్కనే 'ఓన్లీ' ఉండాలని చెప్పారు. 1926లో వచ్చిన తన ప్రయోగ నిఘంటువులో ఫౌలర్, అపార్థానికి తావు లేని చోట అంత పట్టుదల అక్కరలేదని రాశారు. మేము మీకు చెప్పేది ఏమిటంటే, మాట్లాడేటప్పుడు ఫౌలర్‌ను, రాసేటప్పుడు లౌత్‌ను నమ్ముకోండి. కాగితానికి గొంతు ఉండదు గదా.

తక్కువ చేసే 'ఓన్లీ'

ఇప్పుడు మొదట ఆపిన సంగతి చెప్తాం.

డిగ్రీ అయిపోయిన ఏడాది ఒక చోట ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళాం. చొక్కా రూమ్‌మేట్‌ది, బెల్టు ఇంకొకరిది. లోపల ముగ్గురు కూర్చున్నారు. పేరు, ఊరు అడిగారు. బాగానే చెప్పాం. తర్వాత నడిమి ఆయన "వాట్ డజ్ యువర్ ఫాదర్ డూ?" అని అడిగారు.

మా నాన్న కూలి పనే చేస్తాడు. కాలం బాగుంటే పొలం పని, లేకపోతే మిల్లులో బస్తాలు మోస్తాడు. మా మనసులో ఉన్న తెలుగు వాక్యం "మా నాన్న కూలి పనే చేస్తాడు సార్" అని. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఉన్నమాట దాచకుండా చెప్పడమే. ఆ 'ఏ'కు అలవాటు ప్రకారం 'ఓన్లీ' తగిలించి "మై ఫాదర్ ఈజ్ ఓన్లీ ఎ కూలీ, సర్" అన్నాం.

ఆయన మా వంక చూసి "వై ఓన్లీ?" అన్నారు.

మాకు అర్థం కాలేదు. సరిగా వినపడలేదేమో అనుకుని ఇంకొంచెం గట్టిగా "యెస్ సర్, ఓన్లీ కూలీ" అన్నాం. పక్కన ఇద్దరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఇంకేవో రెండు ప్రశ్నలు అడిగి పంపించేశారు. ఆ ఉద్యోగం రాలేదు. అది ఈ మాట వల్ల రాలేదని మేము అనడం లేదు. మాకంటే బాగా చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆ రాత్రి హాస్టల్‌కు వచ్చి డిక్షనరీ తీసి 'ఓన్లీ' చూశాం. అప్పటిదాకా ఆ మాటను డిక్షనరీలో చూడాల్సిన అవసరం ఉందని ఎవరం అనుకోలేదు. చూస్తే అందులో మాకు తెలియని అర్థం ఒకటి కనపడింది. 'ముఖ్యమైనది కాదు, అంతకంటే ఎక్కువేం కాదు' అనే అర్థం. "హి ఈజ్ ఓన్లీ ఎ చైల్డ్" అంటే "వాడు పసివాడే గదా, వదిలెయ్" అని. "ఇట్ ఈజ్ ఓన్లీ ఎ స్క్రాచ్" అంటే "చిన్న గీతే, ఏం ఫరవాలేదు" అని. అంటే మేము ఆ ముగ్గురి ముందు చెప్పింది "మా నాన్న ఉత్త కూలీ, అంతకంటే ఏమీ కాదు" అని. ఆయన అడిగింది "ఎందుకు నాన్నను అలా తక్కువ చేస్తావు?" అని. దానికి మేము ఇచ్చిన జవాబు "అవును సార్, ఉత్త కూలీయే" అని.

తమ్ముళ్ళూ, ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మేము ఇంటర్‌లో చేరిన సంవత్సరం నాన్న మిల్లులో రెండు పూటలా పని చేశాడు. ఆ మాట ఆయనకు చెప్పలేదు. చెప్పినా ఆయనకు ఆ భాష తెలియదు. తెలియదని ధైర్యంగా ఉండలేకపోయాం. తెలియనందుకే ఎక్కువ బాధేసింది.

కాబట్టి ఈ వ్యాసంలో మీరు ఒక్కటే గుర్తు పెట్టుకోవాలనుకుంటే ఇది గుర్తు పెట్టుకోండి. మనిషి ముందు, మనిషి చేసే పని ముందు 'ఓన్లీ' పెట్టవద్దు. "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మ్ వర్కర్." అంతే. "మై మదర్ వర్క్స్ ఇన్ ద ఫీల్డ్స్." అంతే. "ఐ స్టడీడ్ ఇన్ ఎ సోషల్ వెల్ఫేర్ హాస్టల్." అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టండి. "ఓన్లీ హాస్టల్ స్టూడెంట్" అని ఎవరూ అనక ముందే మనమే అనుకోవడం ఎందుకు?

జంటగా వచ్చే ప్రయోగాలు

పరీక్షల్లో ఎక్కువగా అడిగేవి ఇవే. ఒక్కొక్కటి ఒక్కొక్క తెలుగు మాటతో గుర్తు పెట్టుకుంటే మరచిపోరు.

ఓన్లీ ఇఫ్: 'అయితేనే'. "యు కెన్ రైట్ ది ఎగ్జామ్ ఓన్లీ ఇఫ్ యు హావ్ ఎ హాల్ టికెట్." హాల్ టికెట్ ఉంటేనే పరీక్ష రాయనిస్తారు. ఇది షరతు.

ఇఫ్ ఓన్లీ: 'ఉంటే ఎంత బాగుండేది!' "ఇఫ్ ఓన్లీ ఐ హాడ్ ఆస్క్‌డ్ హిమ్!" ఆయన్ని అడిగి ఉంటే ఎంత బాగుండేది! అడగలేదు, అయిపోయింది. పై రెండింటిలో మాటలు అవే, వరుస మారింది. ఒకటి షరతు, ఇంకొకటి ఆశ లేదా బాధ. ఈ రెండింటినీ తారుమారు చేయడం చాలా సాధారణమైన తప్పు.

నాట్ ఓన్లీ, బట్ ఆల్సో: 'మాత్రమే కాదు, కూడా'. "షి ఈజ్ నాట్ ఓన్లీ ఎ గుడ్ సింగర్ బట్ ఆల్సో ఎ గుడ్ రన్నర్." రెండు వైపులా ఒకే రకం మాటలు ఉండాలి. ఇటు నామవాచకం పెడితే అటూ నామవాచకమే.

ఓన్లీ దెన్, ఓన్లీ ఆఫ్టర్: 'అప్పుడే', 'తర్వాతే'. ఇవి వాక్యం మొదట్లో వస్తే వెనక ప్రశ్నలో లాగా సహాయక క్రియ ముందుకు వస్తుంది. "ఓన్లీ దెన్ డిడ్ ఐ అండర్‌స్టాండ్." "ఓన్లీ దెన్ ఐ అండర్‌స్టుడ్" అని రాస్తే పరీక్షలో మార్కు పోతుంది.

ఓన్లీ టు: 'తీరా'. "వి ర్యాన్ టు ద బస్ స్టాప్ ఓన్లీ టు ఫైండ్ దట్ ద బస్ హాడ్ లెఫ్ట్." పరుగెత్తుకుంటూ వెళ్ళాం, తీరా చూస్తే బస్సు వెళ్ళిపోయింది. మన 'తీరా'కు ఇంత చక్కగా సరిపోయే ఇంగ్లీషు ప్రయోగం మాకు ఇంకొకటి కనపడలేదు.

ఓన్లీ టూ: ఇక్కడ హద్దు లేదు, తక్కువ చేయడమూ లేదు. "ఐ యామ్ ఓన్లీ టూ హ్యాపీ టు హెల్ప్" అంటే 'సాయం చేయడానికి ఎంతో సంతోషం' అని.

ఓన్లీ జస్ట్: 'ఇప్పుడిప్పుడే' లేదా 'బొటాబొటిగా'. "వి హావ్ ఓన్లీ జస్ట్ అరైవ్డ్" అంటే ఇప్పుడే దిగాం. "ఐ ఓన్లీ జస్ట్ పాస్‌డ్" అంటే గట్టెక్కానంతే.

చివరగా, రెండు వాక్యాల మధ్య 'ఓన్లీ' వస్తే 'కాకపోతే' అని అర్థం. "ఐ వుడ్ లైక్ టు కమ్, ఓన్లీ ఐ హావ్ యాన్ ఎగ్జామ్." రావాలనే ఉంది, కాకపోతే పరీక్ష ఉంది. ఇది మాట్లాడే భాష. రాసేటప్పుడు 'బట్' మంచిది.

కాగితాల మీద 'ఓన్లీ'

మన జీవితంలో 'ఓన్లీ' ఎక్కువగా కనపడేది కాగితాల మీద. స్కాలర్‌షిప్పు ఫారం కింద "ఫర్ ఆఫీస్ యూజ్ ఓన్లీ" అని ఉంటుంది. అక్కడ మనం ఏమీ రాయకూడదు. ఇక్కడ 'ఓన్లీ' చివర వచ్చింది చూడండి. నోటీసుల్లో, బోర్డుల్లో "లేడీస్ ఓన్లీ" లాగా వెనక రావడం సరైనదే.

చెక్కు మీద మొత్తాన్ని అక్షరాల్లో రాసి చివర 'ఓన్లీ' అంటారు. తెలుగులో ప్రామిసరీ నోటు రాసేటప్పుడు కూడా "అక్షరాలా అయిదు వేల రూపాయలు మాత్రమే" అని రాస్తారు. ఇది అలంకారం కాదు. ఆ తర్వాత ఎవరూ ఇంకో మాట చేర్చి మొత్తం పెంచకుండా వేసిన గొళ్ళెం. మా తాతల కాలంలో ఆ గొళ్ళెం ఉందో లేదో చదవలేక వేలిముద్ర వేసినవాళ్ళు ఎందరో.

అన్నిటికంటే పెద్ద కాగితం మన రాజ్యాంగం. డాక్టర్ అంబేద్కర్ అధ్యక్షుడిగా ఉన్న ముసాయిదా సంఘం తయారుచేయగా 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది. దాని 15వ అధికరణం మొదటి క్లాజు ప్రకారం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అనే కారణాల మీద మాత్రమే ఏ పౌరుడి పట్లా రాజ్యం వివక్ష చూపకూడదు. ఆ 'మాత్రమే' అన్నచోట ఇంగ్లీషు పాఠంలో ఉన్నది మన 'ఓన్లీ'యే. 16, 29 అధికరణాల్లోనూ ఉంది.

ఆ ఒక్క మాట మీద కోర్టుల్లో పెద్ద వాదనలు జరిగాయి. 1981లో ఎయిర్ ఇండియా ఎయిర్ హోస్టెస్‌ల కేసులో సుప్రీంకోర్టు, నిషేధం లింగం అనే ఒక్క కారణం మీద చూపే వివక్షకే గానీ, దానికి వేరే కారణాలు తోడైతే వర్తించదన్న అర్థం తీసింది. అదే తీర్పులో, గర్భం దాల్చితే ఉద్యోగం తీసేసే నిబంధనను మాత్రం అన్యాయమని కొట్టేసింది. 'ఓన్లీ'ని అలా ఇరుకుగా చదవడం సరికాదని 2018లో నవ్‌తేజ్ సింగ్ జోహర్ కేసులో జస్టిస్ చంద్రచూడ్ తన తీర్పులో విమర్శించారు. మనకు దగ్గరి విషయం ఇంకొకటి. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో, కాలేజీ సీట్లను కులాలవారీగా పంచిన మద్రాసు రాష్ట్ర ఉత్తర్వును 29వ అధికరణం ఆధారంగా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆంధ్ర ప్రాంతం అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆ వెంటనే అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణ చేసి, షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతుల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని 15వ అధికరణానికి నాలుగో క్లాజు చేర్చారు. మాట చిన్నదని వదిలేసేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. లా చదవాలనుకునే తమ్ముళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి.

అభ్యాసం

ఈ కింది తెలుగు వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చండి. ముందు 'తప్ప' పరీక్ష చేయండి. జవాబులు చూడకుండా రాయండి.

1. నా దగ్గర ఇరవై రూపాయలే ఉన్నాయి.
2. ఫీజు మా అమ్మే కట్టింది.
3. మాదీ ఆ మండలమే.
4. మంచి మార్కులు వస్తేనే సీటు వస్తుంది.
5. తీరా వెళ్తే ఆఫీసు మూసి ఉంది.
6. నాన్న బతికి ఉంటే ఎంత బాగుండేది!
7. నేను ఇప్పుడే ఉత్తరం పోస్టు చేశాను.
8. ఆయన వట్టి గుమాస్తాయే గదా అని అందరూ తీసిపారేశారు.

జవాబులు:

1. ఐ హావ్ ఓన్లీ ట్వంటీ రుపీస్.
2. ఇట్ వాజ్ మై మదర్ హూ పెయిడ్ ద ఫీ.
3. ఐ యామ్ ఫ్రమ్ దట్ మండల్ టూ.
4. యు విల్ గెట్ ఎ సీట్ ఓన్లీ ఇఫ్ యు గెట్ గుడ్ మార్క్స్.
5. ఐ వెంట్ దేర్ ఓన్లీ టు ఫైండ్ ది ఆఫీస్ క్లోజ్డ్.
6. ఇఫ్ ఓన్లీ మై ఫాదర్ వర్ అలైవ్!
7. ఐ హావ్ జస్ట్ పోస్టెడ్ ద లెటర్.
8. ఎవ్రీవన్ ఇగ్నోర్డ్ హిమ్ బికాజ్ హి వాజ్ ఓన్లీ ఎ క్లర్క్.

ఎనిమిదో దానిలో 'ఓన్లీ' సరైనదే. అక్కడ తక్కువ చేస్తున్నారన్న సంగతే మనం చెప్తున్నాం. ఎనిమిదింటిలో ఆరు సరిగా రాస్తే మీకు ఈ మాట వచ్చేసినట్టే. తక్కువ వస్తే దిగులు వద్దు, మాకు మొదటిసారి రెండే వచ్చాయి.

చివరి మాట

మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే. 'తప్ప' పరీక్ష పెట్టి చూడండి. మేము తప్ప ఎవరూ చదవలేదు. సరిపోయింది. కాబట్టి "ఐ యామ్ ది ఓన్లీ గ్రాడ్యుయేట్ ఇన్ అవర్ ఫ్యామిలీ" అనేది తప్పులేని ఇంగ్లీషు వాక్యం. అయితే ఆ వాక్యం ఎక్కువ కాలం నిజంగా ఉండకూడదని మా కోరిక. మా చెల్లి ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. తను డిగ్రీ పాసైన రోజు ఆ వాక్యంలో ఒక మాట మార్చాలి. 'ది ఓన్లీ' తీసేసి 'ద ఫస్ట్' అని రాయాలి.

మీలో చాలామంది మీ ఇంట్లో, కొందరు మీ వాడలోనే మొదటివాళ్ళు అవుతారు. మొదటివాళ్ళు కండి. ఒక్కరే అయి మిగిలిపోవద్దు. వెనక వచ్చే తమ్ముడికీ చెల్లికీ రోజుకు అరగంట కూర్చుని చెప్పండి.

ఈ సారి సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు మేము నాన్న దగ్గర కూర్చుని "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మ్ వర్కర్" అని చదివి వినిపించాం. "దానికి అర్థమేంట్రా?" అన్నాడు. "నువ్వు వ్యవసాయ పని చేస్తావని నాన్నా" అన్నాం. "దానికి అంత ఇంగ్లీషెందుకు, ఊరందరికీ తెలిసిందేగా" అని నవ్వాడు.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.